పాలియెస్టర్‌లో రాతిపొడి: పనిచేసేదేది, పేరుకు మాత్రమే ఉండేదేది

సిరిసిల్ల మరమగ్గాలకు వచ్చే పాలియెస్టర్ నూలు పెట్టె మీద చీటీ చూడండి. డెనియర్ (నూలు ఎంత సన్నమో చెప్పే కొలత), ఫిలమెంట్ల (సన్నటి పోగుల) లెక్క పక్కన బీఆర్‌టీ అనో, ఎస్‌డీ అనో, ఎఫ్‌డీ అనో ఉంటుంది. అంటే బ్రైట్, సెమీ డల్, ఫుల్ డల్. బ్రైట్ నూలుతో నేసిన చీర తళతళలాడుతుంది. ఫుల్ డల్ నూలు గుడ్డ దూరం నుంచి కాటన్‌లాగే కనిపిస్తుంది. మూడూ ఒకే ప్లాస్టిక్. తేడా అంతా అందులో కలిపిన ఒక తెల్లటి పొడిది. దాని పేరు టైటానియం డయాక్సైడ్. బ్రైట్‌లో అది దాదాపు ఉండదు. సెమీ డల్‌లో 0.3 శాతం చుట్టుపక్కల ఉంటుంది. ఫుల్ డల్‌లో 1.5 నుంచి 2.5 శాతం దాకా పోతుంది.

కాబట్టి సింథటిక్ బట్టలో ఖనిజం కలపడం కొత్త సంగతేం కాదు. మనం రోజూ వేసుకునే వాటిలో అది ఉండనే ఉంది. అదీగాక, పాలియెస్టర్ తయారీలో ఉత్ప్రేరకంగా వాడే యాంటిమొనీ కూడా పది లక్షల పాళ్లలో 200–300 పాళ్ల మేర నూలులో మిగిలిపోతుంది. కొత్తగా వచ్చిందల్లా ఆ పొడిని పేరు పెట్టి, లేబుల్ కట్టి అమ్మడం. చల్లదనానికి జేడ్ అనే పచ్చరాతి పొడి, రక్తప్రసరణకు ఇన్‌ఫ్రారెడ్ ఖనిజాలు, వాసన రాకుండా వెండి, 'నెగెటివ్ అయాన్ల'కు, అంటే గాలిలోని రుణావేశ కణాలకు, టూర్మలిన్ అనే ఖనిజం. వీటిలో కొన్ని నిజంగా పనిచేస్తాయి. కొన్ని సగం పనిచేస్తాయి. కొన్నిటి విషయంలో డబ్బు పోతే పోయింది, ఆరోగ్యం పోకుంటే చాలు అనుకోవాలి. ఏది ఏ కోవలోదో తేల్చుకోవడానికి పెద్ద సైన్సు అక్కర్లేదు. ఆ రేణువు ఏ పని ద్వారా ఫలితం ఇస్తానంటోంది, ఆ పనికి ఎంత పరిమాణం కావాలి, నూలులో నిజానికి ఎంత పడుతుంది అన్నవి చూస్తే చాలు.

ముందు ఈ చివరి ప్రశ్నే చూద్దాం. మిగతా కథంతా దీని మీదే ఆధారపడి ఉంది.

నూలులో ఎంత పడుతుంది?

పాలియెస్టర్ చిప్స్‌ని 280–290 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగించి, స్పిన్నరెట్ అనే చిల్లుల పళ్లెం గుండా నెడతారు. ఒక్కో చిల్లు 0.2–0.3 మిల్లీమీటర్లు ఉంటుంది. బయటికొచ్చిన దారాన్ని చల్లార్చి నిమిషానికి మూడు వేల మీటర్లకు పైబడిన వేగంతో చుడతారు, తర్వాత ఇంకా సాగదీస్తారు. చివరికి మిగిలే ఒక డెనియర్ ఫిలమెంట్ మందం సుమారు 10 మైక్రాన్లు, అంటే మిల్లీమీటర్‌లో నూరో వంతు. మైక్రో ఫిలమెంట్ రకాల్లో ఇంకా సన్నం.

పది మైక్రాన్ల పోగులో మూడు నాలుగు మైక్రాన్ల రాయి ఇరుక్కుంటే అక్కడ పోగు పట్టు సడలుతుంది, సాగదీసేటప్పుడు తెగుతుంది. అందుకే పొడిని ఒక మైక్రాన్ కన్నా సన్నగా నూరాలి. సన్నగా నూరినంత మాత్రాన సరిపోదు. సన్నటి పొడికి ఒకదానికొకటి అతుక్కునే గుణం ఎక్కువ. సరిగ్గా కలియబెట్టకుండా మరిగే నీళ్లలో పోసిన రవ్వలా ఉండలు కడుతుంది. అందుకని పొడిని నేరుగా కలపరు. ముందు కొద్దిపాటి పాలియెస్టర్‌లో 20 నుంచి 50 శాతం దాకా దట్టించి గుళికలు చేస్తారు. దాన్ని మాస్టర్‌బ్యాచ్ అంటారు. ఆ గుళికలను అసలు చిప్స్‌లో కొలత ప్రకారం కలుపుతారు. ఉండలు మిగిలితే స్పిన్నరెట్ ముందున్న ఫిల్టర్ మూసుకుపోతుంది, ప్రెషర్ పెరుగుతుంది, మిషన్ ఆపి ఫిల్టర్ ప్యాక్ మార్చాలి. మిల్లువాళ్ల టెన్షన్ అంతా ఇక్కడే. కొత్త ఖనిజం ఏదైనా నూలులోకి రావాలంటే అది చేసే మేలు కన్నా ముందు ఈ ఫిల్టర్ పరీక్ష గట్టెక్కాలి.

ఇన్ని తంటాలు ఉన్నాయి కాబట్టే మామూలు బట్టల నూలులో ఖనిజం ఒకటి రెండు శాతం దగ్గర ఆగుతుంది. ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. రెండు శాతం అన్నది బరువులో. టైటానియం డయాక్సైడ్ సాంద్రత 3.9 ఉంటే పాలియెస్టర్‌ది 1.38. అంటే రెండు శాతం బరువు పొడి ఆక్రమించే చోటు 0.7 శాతమే. నూలులో మిగిలిన 99 శాతానికి పైగా ప్లాస్టిక్కే. బట్ట గుణాన్ని మార్చేస్తామని ఎవరు చెప్పినా, ఆ 0.7 శాతం చోటుతోనే మార్చి చూపించాలి.

వెలుతురు దగ్గర ఖనిజం గెలుస్తుంది

ఇంత తక్కువ చోటుతో అద్భుతంగా జరిగే పని ఒకటుంది: కాంతిని చెదరగొట్టడం. రేయాన్, నైలాన్, పాలియెస్టర్ పోగులు నున్నటి గాజు కడ్డీల్లా పారదర్శకంగా ఉంటాయి. కృత్రిమ పట్టు పేరుతో రేయాన్ వచ్చినప్పుడు దాని మెరుపు మొదట్లో మోజుగానే ఉన్నా, తర్వాత చౌకబారుగా కనిపించసాగింది. 1920ల చివర్లో, 1930ల్లో రేయాన్ ద్రావణంలో టైటానియం డయాక్సైడ్ కలిపి మెరుపు తగ్గించడం మొదలైంది. 1941లో ఇంగ్లండ్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ పాలియెస్టర్ నూలు కనిపెట్టాక అదే కిటుకు దానికీ వచ్చింది.

కాంతి ఒక పదార్థం నుంచి మరోదానిలోకి పోయేటప్పుడు రెండింటి వక్రీభవన గుణకాల మధ్య ఎంత తేడా ఉంటే అంత బలంగా వంగుతుంది. పాలియెస్టర్ గుణకం సుమారు 1.6. టైటానియం డయాక్సైడ్‌లో నూలుకు వాడే అనటేస్ రకానిది దాదాపు 2.5. తెల్లటి పొడుల్లో ఇంత ఎక్కువ ఉన్నవి అరుదు. పైగా రేణువు 0.2–0.3 మైక్రాన్లు ఉంటే, అది కంటికి కనిపించే కాంతి తరంగంలో సగం పరిమాణం. చెదరగొట్టడానికి సరిగ్గా సరిపోయే కొలత అది. అందుకే 0.3 శాతం వేసినా మెరుపు విరిగిపోతుంది.

దీన్ని కళ్లారా చూడొచ్చు. పల్చటి తెల్ల కాటన్ చొక్కా తడిస్తే ఒళ్లు కనిపిస్తుంది. పొడిగా ఉన్నప్పుడు కాటన్ పోగుల మధ్య గాలి ఉంటుంది, కాటన్‌కూ గాలికీ గుణకంలో తేడా ఎక్కువ, కాంతి చెదురుతుంది, బట్ట తెల్లగా కనిపిస్తుంది. ఆ గాలి చోటులో నీళ్లు చేరేసరికి తేడా తగ్గి కాంతి దూసుకుపోతుంది. ఫుల్ డల్ పాలియెస్టర్ తడిసినా అంతగా కనిపించదు. చెదరగొట్టే రేణువులు పోగు లోపల ఉన్నాయి, నీళ్లు వాటి దగ్గరికి పోలేవు. లేతరంగు ఈత దుస్తులకు, తెల్ల యూనిఫామ్‌లకు ఫుల్ డల్ నూలు ఏరికోరి తీసుకునేది ఇందుకే.

పెయింట్లలో వాడే టైటానియం డయాక్సైడ్ రూటైల్ రకం. అది అనటేస్ కన్నా బాగా కప్పుతుంది. మరి నూలులో అనటేసే ఎందుకు? కారణం మెరుపుతో సంబంధం లేనిది: గట్టిదనం. రూటైల్ మోస్ కొలతలో 6 నుంచి 6.5, అనటేస్ 5.5 నుంచి 6. అంకెల్లో చిన్న తేడాలా ఉంది కానీ, నిమిషానికి వేల మీటర్ల నూలు ఒకే గైడ్ మీదుగా రోజంతా జారుతుంటే ఆ తేడా లోహాన్ని కోసేస్తుంది. మిల్లుల్లో నూలు నడిచే గైడ్లు సిరామిక్‌వి పెట్టేది కూడా అందుకే. ఫుల్ డల్ నూలు నడిపే అల్లిక మిషన్లలో సూదులు త్వరగా అరుగుతాయి.

ఇదే రాయి వల్ల ఇంకో మేలు కూడా ఉంది. బ్రైట్ పోగు ఉపరితలం మరీ నున్నగా ఉండి గైడ్లకు పూర్తిగా ఆనుతుంది, రాపిడి పెరుగుతుంది. సెమీ డల్‌లో రేణువుల వల్ల ఉపరితలం మీద కంటికి కనిపించని గరుకు ఏర్పడి, లోహాన్ని తాకే చోటు తగ్గుతుంది. గరుకుగా ఉన్నదే సాఫీగా నడుస్తుంది.

ఇక ఎండ. టైటానియం డయాక్సైడ్ అతినీలలోహిత కిరణాలను మింగుతుంది. మింగిన శక్తి ఎక్కడికో పోవాలి కదా. అనటేస్ ఆ శక్తితో తన చుట్టూ ఉన్న నీటిని, ఆక్సిజన్‌ని రెచ్చగొట్టి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌నే కొరికించగలదు. నైలాన్‌లో ఈ బెడద ఎక్కువ. డల్ నైలాన్ ఎండలో పసుపెక్కి పిప్పి కావడం ఇందువల్లే. దానికి మందుగా రేణువు మీద సిలికా, అల్యూమినా లేదా మాంగనీస్ పూత వేస్తారు. ఎండలో వాడే గుడ్డకు ఖనిజం కలిపారంటే, పూత వేసిన రకమా కాదా అన్నది ఎంత శాతం అన్నదానికి తక్కువ ప్రశ్నేం కాదు.

పూత ఉన్నది వాడితే ఎండ కాపుదలలో ఖనిజం నిజంగానే పనికొస్తుంది. బట్టల ఎండ కాపుదలను యూపీఎఫ్ అంకెతో చెబుతారు. ఈ ప్రమాణానికి మొదట 1996లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ రూపమిచ్చాయి. 50 అంటే అతినీలలోహితంలో యాభయ్యో వంతు, అంటే 2 శాతమే దూరుతుంది. పల్చటి తెల్ల కాటన్ చొక్కాకు ఈ అంకె పదిలోపే ఉండొచ్చు. అతినీలలోహితంలో యూవీ-ఏ, యూవీ-బీ అని రకాలున్నాయి. పాలియెస్టర్ అణువులోని బెంజీన్ వలయాలు యూవీ-బీ కిరణాలను వాటంతట అవే చాలావరకు ఆపుతాయి. దూరిపోయేది యూవీ-ఏ. టైటానియం డయాక్సైడ్ గానీ జింక్ ఆక్సైడ్ గానీ ఆ కంత పూడుస్తుంది. ఇది కూడా కాంతితో పనే, తక్కువ చోటు చాలిన పనే.

వేడి దగ్గరికి వచ్చేసరికి

వేసవిలో 'జేడ్ కూల్', 'మైకా కూల్' పేర్లతో నైలాన్ టీషర్టులు, దుప్పట్లు, ఎండలో తొడుక్కునే చేతి తొడుగులు అమ్ముతారు. చేయి పెడితే చల్లగానే ఉంటాయి, అబద్ధం కాదు. ఆ చల్లదనం రాతిదా అన్నదే ప్రశ్న.

రాయి ప్లాస్టిక్ కన్నా వేడిని బాగా ప్రసరింపజేస్తుంది, నిజమే. కానీ రేణువులు ఒకదానికొకటి తగలకుండా ప్లాస్టిక్‌లో విడివిడిగా తేలుతుంటే, మధ్యలో ఉన్న ప్లాస్టిక్కే వేడికి అడ్డుపడుతుంది. ఇలాంటి మిశ్రమాలకు భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ 19వ శతాబ్దంలోనే సూత్రం ఇచ్చాడు. దాని ప్రకారం గుండ్రటి రేణువులు ఎంత మంచి వాహకాలైనా సరే, మొత్తం ప్రసరణ పెరిగేది అవి ఆక్రమించిన చోటుకు సుమారు మూడు రెట్లే. చోటు 0.7 శాతమైతే పెరుగుదల రెండు శాతం. పల్చటి పలకల్లాంటి రేణువులైతే ఇంకొంత ఎక్కువ రావచ్చు. నూటికి పది పాళ్ల బరువు మైకా దట్టించారనుకున్నా అది ఆక్రమించే చోటు ఐదు శాతం దాటి కొద్దిగానే, మన గుండ్రటి లెక్కలో వచ్చేది 16 శాతం. చేతికి తెలిసే తేడా కాదది.

మరి చల్లదనం ఎక్కడిది? నూలు ఎంపికది, అల్లికది. నైలాన్ పాలియెస్టర్ కన్నా ఎక్కువ తేమ పట్టుకుంటుంది: నైలాన్ 4 శాతం చుట్టుపక్కల, పాలియెస్టర్ 0.4 శాతం. పోగును గుండ్రంగా కాకుండా చదునుగా తీసి, బిగువుగా నున్నగా అల్లితే చర్మానికి ఆనే చోటు పెరుగుతుంది. ఎక్కువ చోటు ఆనితే ఎక్కువ వేడి ఒక్కసారిగా లాగుతుంది. నూగు లేకపోవడం కూడా కలిసొస్తుంది, నూగులో గాలి చిక్కుకుంటుంది కాబట్టి. ఈ చల్లదనాన్ని క్యూ-మ్యాక్స్ అనే కొలతతో చెబుతారు. వెచ్చటి పలకను బట్ట మీద ఆనించిన మొదటి క్షణంలో ఎంత వేడి దూకిందో కొలుస్తారు. మొదటి క్షణం అన్నది మరిచిపోవద్దు. బట్ట వేడెక్కాక ఆ అంకెకు అర్థం లేదు. మే నెలలో విజయవాడలో మధ్యాహ్నం బయట తిరిగేవాడికి షర్టు తొడుక్కున్న క్షణం చల్లగా ఉంటే ఒరిగేదేంటి? చెమట ఆరాలి, గాలి ఆడాలి. అది అల్లిక చేసే పని.

ఇన్‌ఫ్రారెడ్ బట్టలది మరో దారి. వాటి లేబుల్ మీద 'శరీర వేడిని గ్రహించి ఇన్‌ఫ్రారెడ్‌గా మార్చి తిరిగి ఒంటికి ఇస్తుంది' అని ఉంటుంది. ఈ వాక్యంలో ఏ ముక్కా తప్పు కాదు. చిక్కేమిటంటే, ఈ వాక్యం పాత లుంగీకి కూడా వర్తిస్తుంది. 34 డిగ్రీల దగ్గరున్న చర్మం ఎక్కువగా 9.4 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఇన్‌ఫ్రారెడ్ వెదజల్లుతుంది. దానికి ఆనుకుని వెచ్చబడ్డ ఏ గుడ్డైనా అదే ప్రాంతంలో వెదజల్లుతుంది. వెదజల్లే సామర్థ్యం పూర్తిగా ఉంటే 1 అనుకుంటే చర్మానిది 0.98, మామూలు బట్టలది కాటనైనా పాలియెస్టరైనా 0.8కి పైనే. ఖనిజం కలిపి పెంచడానికి మిగిలిన జాగా చాలా కొంచెం. పెంచినా, బాగా వెదజల్లే బట్ట లోపలి వైపే కాదు, బయటి వైపు కూడా అంతే బాగా వెదజల్లుతుంది. నిజంగా ఒంటి వేడిని వెనక్కి పంపాలంటే వెదజల్లే గుణం తక్కువున్న పూత కావాలి. ప్రమాదాల్లో బాధితులకు కప్పే మెరిసే అల్యూమినియం పూత పలుచటి దుప్పటి చేసేది అదే.

ఈ రంగంలో బాగా తెలిసిన పేరు సెలియంట్, అమెరికాలో హోలోజెనిక్స్ సంస్థది. నూలులో ఖనిజాల మిశ్రమం కలుపుతారు. 2017లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ ఉత్పత్తులను ఆరోగ్యవంతుల్లో, బట్ట ఆనిన చోట రక్తప్రసరణను తాత్కాలికంగా పెంచే సాధారణ స్వస్థత వస్తువుల కింద లెక్కించింది. ప్రకటనల్లో ఇది 'ఎఫ్‌డీఏ ఆమోదం'లా వినిపిస్తుంది. అందులో ఉన్న షరతులు చదివి చూడండి: ఆరోగ్యవంతుల్లో, బట్ట ఆనిన చోట, తాత్కాలికంగా. మోకాళ్ల నొప్పులు తగ్గుతాయని అందులో ఎక్కడా లేదు. నా మటుకు నాకు, ఖనిజం పేరు చెప్పి ఎక్కువ ధర అడిగే బట్టల్లో చివరగా డబ్బు పెట్టాల్సింది వీటి మీద.

వేడి విషయంలో ఖనిజం గెలిచిన చోట్లు కూడా ఉన్నాయి, అయితే అక్కడ అసలు ఆట మళ్లీ కాంతిదే. జపాన్‌లో యూనిటికా కంపెనీ జిర్కోనియం కార్బైడ్ కలిపిన థర్మోట్రాన్ నూలు తెచ్చింది. అది సూర్యకాంతిలో కనిపించే భాగాన్ని, దాని పక్కనున్న ఇన్‌ఫ్రారెడ్‌నీ మింగి వేడెక్కుతుంది. మంచు మీద స్కీయింగ్ చేసేవాళ్ల దుస్తులకు బాగుంటుంది. ఎండలో బాగా పనిచేస్తుంది, రాత్రి పనిచేయదు.

దీనికి తలకిందులుగా, చైనాలో వూహాన్ పరిశోధకులు 2021లో 'సైన్స్' పత్రికలో ఒక గుడ్డను చూపించారు. పీఎల్‌ఏ ప్లాస్టిక్ పోగులో టైటానియం డయాక్సైడ్, పైన పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) పొర. సూర్యకాంతిలో 92 శాతం పైగా వెనక్కి కొడుతుంది. అదే సమయంలో 8–13 మైక్రాన్ల తరంగదైర్ఘ్యాల మధ్య వేడిని బాగా వెదజల్లుతుంది. ఆ తరంగాలను గాలి అడ్డుకోదు, కాబట్టి వేడి నేరుగా ఆకాశంలోకి పోతుంది. ఆరుబయట కాటన్ కప్పుకున్న ఒంటితో పోలిస్తే సుమారు 4.8 డిగ్రీలు చల్లగా ఉందని కొలిచారు. ఇందులో ఖనిజం మోతాదు, పోగు మందం, పై పొర అన్నీ కాంతి లెక్కల ప్రకారం పేర్చినవే. తల మీద ఆకాశం ఉన్నప్పుడే ఇది సాగుతుంది. గదిలో కూర్చుంటే దీనికీ మామూలు గుడ్డకూ పెద్ద తేడా ఉండదు.

వాసన: ఇక్కడ రేణువు కరగాలి

పాలియెస్టర్ జిమ్ షర్టు ఉతికినా వాసన పోదని చాలామంది గొడవ. 2014లో బెల్జియంలోని ఘెంట్ యూనివర్సిటీ వాళ్లు 26 మందితో గంటసేపు సైకిల్ తొక్కించి, మర్నాడు షర్టులు పరీక్షించారు. పాలియెస్టర్ షర్టులు కాటన్ వాటికన్నా ఎక్కువ కంపు కొట్టాయి, వాటి మీద మైక్రోకాకస్ అనే బాక్టీరియా బాగా పెరిగింది. దీనికి విరుగుడుగా వెండి, జింక్ ఆక్సైడ్, రాగి ఆక్సైడ్ కలుపుతారు.

టైటానియం డయాక్సైడ్ పోగు నడుమ హాయిగా కూర్చుని పనిచేస్తుంది. వెండి అలా చేయలేదు. బాక్టీరియాను చంపేది రేణువు నుంచి విడుదలయ్యే వెండి అయాన్లు. అవి తేమలో కరిగి బయటికి రావాలి. పాలియెస్టర్‌లో తేమ పోయేదే తక్కువ కాబట్టి పోగు నడుమ ఉన్న వెండి ఊరికే ఉన్నట్టే, పైపొరకు దగ్గరగా ఉన్నదే పనికొస్తుంది. పోనీ అంతా పైపొరలోనే పెడదామంటే, త్వరగా కరిగి ఉతుకులో పోతుంది. పనిచేయడమూ అయిపోవడమూ ఇక్కడ ఒకటే. 2008లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు మార్కెట్లో దొరికే వెండి సాక్సులు కొని నీళ్లలో ఉతికారు. కొన్ని రకాల్లో నాలుగు ఉతుకులకే దాదాపు వెండి మొత్తం పోయింది. ఇంకొన్నింటిలో దాదాపు ఏమీ పోలేదు. వెండిని ఎలా అమర్చారన్నదే ఇంత తేడాకు కారణం.

మధ్యేమార్గంగా జియోలైట్ వాడతారు. అది లోపలంతా సన్నటి గదులున్న ఖనిజం. ఆ గదుల్లో వెండి అయాన్లను ఉంచితే చెమటలోని సోడియం వచ్చి వాటి స్థానం తీసుకుంటుంది, వెండి కొంచెం కొంచెంగా బయటికొస్తుంది. ఇంకో పద్ధతిలో ఒకే పోగును రెండు పొరలుగా తీస్తారు: లోపల ఉత్త పాలియెస్టర్, పైన పలుచగా ఖనిజమున్న తొడుగు. ఖరీదైన ఖనిజం వృథా కాదు, పోగు బలమూ తగ్గదు. కొనేటప్పుడు ఒక్క సంగతి అడిగితే చాలావరకు తేలిపోతుంది: ఖనిజం నూలులోనే ఉందా, నేశాక పైన ముంచిన ఫినిషా, ఎన్ని ఉతుకుల తర్వాత పరీక్షించారు? జవాబు లేని లేబుల్‌ని ఫినిష్ కిందే జమకట్టొచ్చు.

నెగెటివ్ అయాన్ల ముచ్చట

టూర్మలిన్ పొడి కలిపిన బట్టలు 'నెగెటివ్ అయాన్లు' వదులుతాయని, దాంతో నిద్ర బాగా పడుతుందని జపాన్, కొరియాల్లో చాలాకాలం అమ్మారు. టూర్మలిన్‌ని వేడిచేసినా, నొక్కినా దాని కొనల మీద విద్యుదావేశం వస్తుంది. అది నిజం. కానీ ఒంటి మీద కదలకుండా పడి ఉన్న గుడ్డలో గాలిని అయానీకరించేంత శక్తి దానికి ఎక్కడిది? మీటర్ పెడితే అయాన్లు కనిపించాలి కదా అని కొందరు తయారీదారులు అడ్డదారి తొక్కారు. మోనజైట్ పొడి కలిపారు. మోనజైట్‌లో థోరియం ఉంటుంది. అది రేడియోధార్మిక పదార్థం, దాని కిరణాలు గాలిని నిజంగానే అయానీకరిస్తాయి. మీటర్ పరుగులు పెడుతుంది.

2018 మేలో దక్షిణ కొరియాలో డేజిన్ కంపెనీ పరుపుల నుంచి రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు వస్తోందని బయటపడింది. అయాన్ల కోసం వాడిన మోనజైటే కారణం. అణుభద్రతా సంఘం కొలిస్తే ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ (ఒంటికి తగిలే రేడియేషన్ కొలత) పరిమితిని దాటిన మోడళ్లు తేలాయి. పరుపులు వేల సంఖ్యలో వెనక్కి తీసుకున్నారు. తర్వాతి ఏడాది ఒంటికి తగిలే వస్తువుల్లో ఇలాంటి పదార్థాలను నిషేధిస్తూ చట్టం సవరించారు. రాత్రంతా ముఖం ఆనించి పడుకునే పరుపులో ఇది చేరిందంటే, 'సహజ ఖనిజం' అన్న మాటకు భద్రత అని అర్థం తీసుకోకూడదు.

ఈ మోనజైట్ మనకు దూరపు వస్తువు కాదు. భీమునిపట్నం నుంచి శ్రీకాకుళం తీరం దాకా ఇసుకలో ఇల్మనైట్, మోనజైట్ కలిసే ఉంటాయి. ఇల్మనైట్ నుంచి టైటానియం డయాక్సైడ్ తీస్తారు. నూలుకు కావాల్సిన అనటేస్ రకాన్ని తిరువనంతపురంలో ట్రావన్‌కోర్ టైటానియం ప్రొడక్ట్స్ తయారుచేస్తోంది, అదీ కేరళ తీరపు ఇల్మనైట్ నుంచే. గూడూరు మైకాకు, ఉమ్మడి కడప జిల్లా మంగంపేట ముగ్గురాయికి ప్రపంచంలో పేరుంది. ముగ్గురాయి ఎక్కువగా చమురు బావుల తవ్వకానికే పోతుంది. అయితే దానిలోని బేరియం సల్ఫేట్‌కు దారాల్లో ఒక ముఖ్యమైన కొలువుంది. ఆపరేషన్ థియేటర్లో వాడే గాజుగుడ్డలో నీలం గీతలా కనిపించే దారం బేరియం సల్ఫేట్ దట్టించిన ప్లాస్టిక్ దారం. బరువులో సగానికి పైగా ఆ ఖనిజమే. గుడ్డ పొరపాటున కడుపులో ఉండిపోతే ఎక్స్‌రేలో ఆ గీత కనిపిస్తుంది. వైద్యానికి వాడేది శుద్ధిచేసి రసాయనికంగా తయారుచేసిన పొడి అనుకోండి. ఇది ఒకటి రెండు శాతంతో కాదు, సగానికి పైగా నింపితే అయ్యే పని, కాబట్టి దారం లావుగా ఉంటుంది, దానితో ఎవరూ షర్టు నేయరు.

సుద్ద కలిసిన సంచి

ఫ్యాషన్ బట్టల గోల పక్కనపెడితే, ఖనిజం టన్నుల లెక్కన పోయేది బియ్యం, యూరియా, సిమెంట్ సంచుల్లోకి. పాలీప్రొపిలీన్ పట్టీల్లో కాల్షియం కార్బొనేట్, మామూలు మాటల్లో సుద్ద, కొన్ని శాతం కలుపుతారు. పట్టీ నిలువునా పీచులుగా చీలకుండా ఉంటుంది, తెల్లగా ఉంటుంది, బస్తా మీద బస్తా పేర్చితే జారదు. కొద్దిగా ఉంటే ఇదంతా మంచిదే.

కక్కుర్తి ఎక్కడ మొదలవుతుందంటే, సుద్ద ధర ప్లాస్టిక్ కన్నా బాగా తక్కువ. పైగా సాంద్రత 2.7, పాలీప్రొపిలీన్‌ది 0.9. గుడ్డలా కనిపించే నాన్ వోవెన్ సంచులను చదరపు మీటరుకు ఇన్ని గ్రాములు అని బరువు లెక్కన అమ్ముతారు. సుద్ద ఎక్కువేస్తే గ్రాములు సరిపోతాయి, పోగులో ప్లాస్టిక్ తగ్గిపోతుంది. షాపువాడు ఇచ్చిన సంచిని అటక మీద పెట్టి రెండేళ్ల తర్వాత తీస్తే చేతిలో పొట్టులా రాలడం అందరికీ తెలిసిందే. గాలికీ వెలుతురుకీ ప్లాస్టిక్ పాడవడం దానికి అసలు కారణం. అందులో రక్షక రసాయనాలు వేయకుండా సుద్ద మాత్రం దట్టిస్తే ఆ పతనం ఇంకా త్వరగా వస్తుంది. ఎఫ్‌డీఏ, ఇన్‌ఫ్రారెడ్ అంటూ ఎవరూ ప్రచారం చేయని ఈ సుద్దే, మన చేతికి రోజూ తగిలే రాతిపొడి.

మంటల విషయంలోనూ ఒక మాట. నిప్పును ఆపే ఖనిజాల్లో చవకైనది అల్యూమినియం హైడ్రాక్సైడ్. వేడెక్కితే నీటి ఆవిరి వదిలి మంటను చల్లారుస్తుంది. కానీ అది 200 డిగ్రీల దగ్గరే నీరు వదలడం మొదలుపెడుతుంది, పాలియెస్టర్ కరిగేది 255 పైన. నూలు తీస్తుండగానే దాని పని అయిపోతుంది. అందుకే దాన్ని కర్టెన్లకు, సీట్ల గుడ్డలకు వెనక పూతగానే వేస్తారు. పాలియెస్టర్ నూలులోనే మంట నిరోధం కావాలంటే ఫాస్ఫరస్ సమ్మేళనాలను అణువులోనే కలపాల్సి వస్తుంది.

ఇప్పుడు పరిశ్రమను ఇబ్బంది పెడుతున్న విషయం రీసైక్లింగ్. ఇవాళ మార్కెట్లో రీసైకిల్డ్ పాలియెస్టర్ అంటే ఎక్కువగా మంచినీళ్ల సీసాల నుంచి వచ్చింది. సీసా పారదర్శకంగా ఉండాలి కాబట్టి అందులో టైటానియం డయాక్సైడ్ ఉండదు, కావాల్సినంత కొత్తగా కలుపుకోవచ్చు. పాత బట్టల నుంచి కొత్త నూలు తీయాలంటే అలా కుదరదు. ఫుల్ డల్, సెమీ డల్, వెండి, జింక్, కార్బన్ బ్లాక్ అన్నీ కలగలిసి వస్తాయి. ఒకసారి పోగులో కూర్చున్న 0.3 మైక్రాన్ల రేణువును కరిగిన ప్లాస్టిక్‌లోంచి ఏ ఫిల్టరూ ఏరలేదు, ఎందుకంటే అది ఫిల్టర్‌లోంచి దూరిపోవాలనే అంత సన్నగా నూరారు. మిగిలిన దారి పాలియెస్టర్‌ను గ్లైకాల్‌తోనో మిథనాల్‌తోనో విడగొట్టి, మూల పదార్థాలుగా మార్చి, ఖనిజాలను విడిగా వడకట్టి, మళ్లీ పాలియెస్టర్ చేయడం. అది జరుగుతోంది, కానీ కరిగించి తీయడం కన్నా ఖర్చెక్కువ, ఒక్కో బట్టలో ఏమేం కలిపారో లేబుల్ చెప్పదు కాబట్టి ఆ ఖర్చు ఎంతో ముందుగా లెక్కవేయడం కూడా కష్టం.